పెళ్ళి డీవీడీని ట్యాబ్‌లో చూడాలంటే

ఈ వారం వంటింట్లోంచి కాసేపు బయటికొచ్చి, హాల్లో టీవీ కింద ఉన్న అర తలుపు తీద్దాం. అక్కడ లేకపోతే బీరువాలో పట్టుచీరల అడుగున చూడండి. ప్లాస్టిక్ డబ్బాల్లో కొన్ని డిస్కులు ఉండే ఉంటాయి. పైన గులాబీ పువ్వు మధ్యలో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు నవ్వుతూ ఉంటారు. పెళ్ళి మూడు డిస్కులు, రిసెప్షన్ ఒకటి, ఆ తర్వాత సీమంతం, బారసాల, అన్నప్రాసన, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం. 2000 దాటాక ఓ పదిహేనేళ్ళ పాటు మన ఇళ్ళల్లో జరిగిన శుభకార్యాలు చాలావరకు ఈ డిస్కుల్లోనే ఉన్నాయి. అంతకు ముందువి వీడియో క్యాసెట్లలో ఉంటే, తర్వాతవి పెన్‌డ్రైవుల్లోకి వెళ్ళాయి.

డిస్కులున్నాయి సరే, చూసేదెలా? డీవీడీ ప్లేయరు ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. కొత్తగా కొన్న ల్యాప్‌టాపులకి డిస్కు పెట్టే చోటే ఉండదు. ట్యాబ్ మాత్రం చాలా ఇళ్ళల్లో ఉంది. 2020లో లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని కొన్నాం, వాళ్ళు ఫోన్లు, ల్యాప్‌టాపులు అంటూ దాటుకుపోయాక అది అత్తయ్యగారి చేతికి వచ్చింది. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చూసుకోవడానికి ఆవిడకి అదే సుఖం. అందుకే ఈ మధ్య పేరంటాలకి వెళ్ళినా, పెళ్ళిళ్ళకి వెళ్ళినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "డీవీడీని ట్యాబ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేరు ఏది కొనమంటావు?" అని.

ముందే చెప్పేస్తున్నాను, ఏదీ కొనక్కర్లేదు. డబ్బు పెట్టకుండా దొరికేదే ఈ పనికి అన్నిటికంటే బాగుంటుంది. కాకపోతే ఏ డిస్కుకి ఏది అన్నది తెలియాలి. ఇంకో మాట, ఈ పని వాయిదా వేసేది కాదు. సినిమా డిస్కులు అచ్చు వేసినట్టు ఫ్యాక్టరీలో నొక్కి తయారు చేస్తారు. మన పెళ్ళి డిస్కులు అలాంటివి కావు. స్టూడియోవాళ్ళు ఖాళీ డిస్కు కొని, దాని లోపల ఉండే రంగు పొర మీద లేజరుతో కాల్చి రాసినవి. ఆ రంగు పొర ఎండకి, వేడికి, తేమకి మెల్లగా పాడవుతుంది. పైకి డిస్కు తళతళలాడుతూనే ఉంటుంది, పెడితే మాత్రం తిరిగి తిరిగి ఆగిపోతుంది. మన వేసవులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదుగా.

నా సంగతి చెబుతాను. మా అమ్మ 2015లో పోయింది. ఫోటోలు బోలెడు ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్కచోటే ఉంది, 2008లో జరిగిన మా తమ్ముడి పెళ్ళి డిస్కులో. మన వీడియోవాళ్ళు మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టేస్తారు కదా, ఎవరి మాటా వినపడనివ్వరు. రెండో డిస్కులో ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య సందులో, వియ్యపురాలికి చీర పెట్టే చోట, "జాకెట్టు గుడ్డ ఏదర్రా, లోపలే మర్చిపోయారా" అంటుంది. నాలుగు సెకన్లు, అంతే. నిరుడు ఆ డిస్కు మా తమ్ముడి ఇంట్లో ఆడలేదు. మా ఇంట్లో వేరే డ్రైవులో పెడితే ఆడింది. అప్పుడు పట్టుకున్నాను ఈ పని. పదకొండు డిస్కులూ అయ్యేవరకు వదల్లేదు.

మా ఊళ్ళో ఒక స్టూడియోవారిని అడిగితే డిస్కుకి 300 రూపాయలన్నారు, వారం రోజులు వాళ్ళ దగ్గరే వదిలి వెళ్ళమన్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ డిస్కుని వారం రోజులు ఇంకొకరి బల్ల మీద వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. 1,400 పెట్టి యూఎస్‌బీ తీగతో తగిలించుకునే డీవీడీ డ్రైవు కొన్నాను. ఖర్చు అదొక్కటే. మీ ఇంట్లో పాత కంప్యూటరు ఉండి దానికి డిస్కు డ్రైవు ఉంటే ఆ ఖర్చు కూడా లేదు.

డ్రైవు తగిలించి డిస్కు పెట్టాక కంప్యూటర్లో తెరిచి చూస్తే 'వీడియో టీఎస్' అని ఒక ఫోల్డరు కనిపిస్తుంది. అందులో చివర వీఓబీ అని ఉన్న ఫైళ్ళు ఉంటాయి. బొమ్మా మాటా ఉండేది వాటిల్లోనే. పెద్ద పెళ్ళయినా చిన్న పెళ్ళయినా ఒక్కొక్కటి ఒక జీబీ మించకుండా ముక్కలు చేసి పెడతారు, అది డీవీడీ పద్ధతి. ముందుగా ఆ ఫోల్డరు మొత్తాన్ని కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. మామూలు డిస్కు 4.7 జీబీ పడుతుంది, రెండు పొరల డిస్కయితే 8.5 జీబీ. ఆ తర్వాత చేసేదంతా ఈ కాపీ మీదే చేయండి. పాత డిస్కుని ఒక్కసారి చదివిస్తే చాలు, పదిసార్లు తిప్పి హింసపెట్టొద్దు.

కొందరు ఇక్కడే అడుగుతారు, ఆ వీఓబీ ఫైళ్ళనే ట్యాబ్‌లోకి వేసేస్తే సరిపోదా అని. సరిపోతుంది, నిజమే! ట్యాబ్‌లో వీఎల్‌సీ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. నారింజ రంగు రోడ్డు కోను బొమ్మ ఉంటుంది చూడండి, అదే. అది ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ, ఐప్యాడ్‌లోనూ కూడా పనిచేస్తుంది, చాలావరకు ఏ ఫైలునైనా ఆడించేస్తుంది. ఒకటీ అరా డిస్కులున్నవాళ్ళు అలా చేసేసి ఊరుకోవచ్చు. కానీ పదకొండు డిస్కులంటే నలభై జీబీ దాటిపోతుంది. పైగా తాళి కట్టే చోట ఒక ముక్క అయిపోయి ఇంకో ముక్క వెతుక్కోవలసి వస్తే అత్తయ్యగారు మనల్నే పిలుస్తారు.

డీవీడీలో బొమ్మని దాచే పద్ధతి పాతది. ఎంపెగ్-2 అంటారు. విప్పి పరిచిన పట్టుచీర లాంటిది, చోటు ఎక్కువ తింటుంది. ఇప్పటి ట్యాబులకి అలవాటైనది హెచ్.264. అదే చీరని చక్కగా మడతపెట్టి పెట్టినట్టు. మా డిస్కుల్లో నాలుగు జీబీ ఉన్నవి ఒకటిన్నర జీబీకి అటూ ఇటూగా వచ్చాయి, చూడ్డానికి నాకైతే తేడా తెలియలేదు. ఇదివరకటి మెత్తటి గుడ్డకి ఇస్త్రీ వేసినంత మాత్రాన కొత్త చీర కాదు, అది మాత్రం గుర్తుంచుకోండి. మన దేశంలో డీవీడీ బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు. సాఫ్ట్‌వేరులో 1080 అని కనబడింది కదా అని అది పెట్టకండి. పప్పుచారులో నీళ్ళు పోసినట్టే, గిన్నె నిండుతుంది గానీ రుచి పెరగదు.

ఇక సాఫ్ట్‌వేరు ఎంపిక. నేను వాడి, మీకు గట్టిగా చెప్పేది హ్యాండ్‌బ్రేక్. 2003లో ఎరిక్ పెటీ అనే ఆయన మొదలుపెట్టారు, ఆ తర్వాత ఎందరో చేతులు వేసి నడుపుతున్నారు. పూర్తిగా ఉచితం, ప్రకటనలుండవు, బొమ్మ మీద ఎవరి పేరూ అచ్చవదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. ట్యాబ్‌లో నడవదు, కంప్యూటరు కావాలి. దాని సొంత చిరునామా హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్. చివర డాట్ కామ్ కాదు, చూసుకోండి. గూగుల్లో వెతికితే పైన ప్రకటనల్లో అలాంటి పేర్లతోనే ఇంకేవో వస్తాయి. పచ్చగా పెద్దగా 'డౌన్‌లోడ్' అని ఉన్న ప్రతి బొత్తామూ నొక్కకండి.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు కొల్లలుగా ఉన్నాయి. అవి పనిచేయవని అనను. ఉచిత ట్రయల్ అని పిలిచి, మొదటి కొద్ది నిమిషాలే మార్చి, మిగతా పెళ్ళి చూడాలంటే డబ్బు కట్టమనేవి ఎక్కువ. కొన్ని పెళ్ళికూతురి మొహం మీదే కంపెనీ పేరు అచ్చు వేస్తాయి. ఆన్‌లైన్‌లో ఫైలు పంపితే మార్చి ఇస్తాం అనే సైట్ల జోలికి అసలు పోకండి. నాలుగు జీబీ ఎక్కించేసరికి మన డేటా అయిపోతుంది. అది పోతే పోయింది, ఇంటి ఆడపిల్లల ఓణీల ఫంక్షను తెలియనివాళ్ళ కంప్యూటర్లో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. వీఎల్‌సీలో కూడా మార్చే సదుపాయం ఉంది గానీ, అది చూసుకోవడానికి పుట్టిన సరుకు. మార్చడంలో హ్యాండ్‌బ్రేక్‌కి ఉన్న వీలు దానికి లేదు.

హ్యాండ్‌బ్రేక్ తెరిచి, మనం కాపీ చేసుకున్న ఫోల్డరు చూపించండి. కాసేపు చదువుకుని 'టైటిల్' అన్న చోట ఒక జాబితా ఇస్తుంది, ఒక్కోదాని పక్కన నిడివి ఉంటుంది. ముప్పై సెకన్లది స్టూడియోవారి ప్రకటన. గంటా పది నిమిషాలది మన పెళ్ళి. కొన్ని డిస్కుల్లో పెళ్ళికూతుర్ని చెయ్యడం, స్నాతకం, జీలకర్ర బెల్లం, అప్పగింతలు ఒక్కోటీ వేరే టైటిల్‌గా ఉంటాయి, ఏదీ వదిలెయ్యకండి. తర్వాత 'ప్రీసెట్' అన్న చోట 'ఫాస్ట్ 576పి25' అన్నది ఎంచుకోండి. అది మన దేశపు డిస్కుల కొలతకి సరిపోయేది. అమెరికాలో ఉన్న ఆడపడుచు పంపిన డిస్కయితే 'ఫాస్ట్ 480పి30'. అక్కడి పద్ధతి వేరు. ఫార్మాట్ ఎంపీ4 ఉండాలి.

బొమ్మ కొలతల పేజీలో ఏమీ ముట్టుకోకండి. పాత పెళ్ళి వీడియోలు పాత టీవీల్లాగా ఇంచుమించు చతురంగా ఉంటాయి. తెర నిండాలని సాగదీస్తే సన్నగా ఉన్న పెళ్ళికూతురు కూడా గుమ్మడిపండులా కనిపిస్తుంది. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

'ఫిల్టర్స్' పేజీ మాత్రం తప్పక చూడండి. పాత వీడియోల్లో బొమ్మని ఒక గీత విడిచి ఒక గీతగా రెండు విడతల్లో పట్టేవారు. పాత టీవీలో తెలిసేది కాదు. ట్యాబ్‌లో చూస్తే, కదిలే చోటల్లా అంచులు దువ్వెన పళ్ళలా విడిపోయి కనిపిస్తాయి. తలంబ్రాలు పోసుకునే చోట చూడండి, చేతులన్నీ దువ్వెనలే! దాన్ని సరిచేసేదే 'డీఇంటర్‌లేస్' అనే వరుస. అక్కడ 'డీకోంబ్' అని ఉండేలా చూసుకోండి. ఇంగ్లీషులో కోంబ్ అంటే దువ్వెనే కదా, పేరు భలే పెట్టారు. ఇది చేయకుండా మార్చేసి డిస్కు పారేస్తే ఆ గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి.

'వీడియో' పేజీలో ఎన్‌కోడర్ హెచ్.264 ఉంచండి. హెచ్.265 అని కూడా ఉంటుంది, ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది, కానీ పాత ట్యాబుల్లో కొన్ని దాన్ని ఆడించలేవు. పక్కనే ఆర్ఎఫ్ అని ఒక అంకె. ఇది తిరకాసు అంకె, తగ్గించే కొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలు కూడా పెరుగుతుంది. డీవీడీ బొమ్మకి 18 నుంచి 22 వరకు అని వాళ్ళే చెబుతారు. నేను 20 పెట్టి వదిలేశాను. అమ్మ ఉన్న డిస్కుకి మాత్రం 18 పెట్టాను.

'ఆడియో' పేజీలో ఏఏసీ, స్టీరియో అని ఉందో లేదో చూడండి. డీవీడీల్లో ఏసీ3 అనే రకం ఎక్కువ, కొన్ని ట్యాబుల్లో అది పలకదు. బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు అనే ఫిర్యాదు సాధారణంగా ఇందువల్లే. మన డిస్కుల్లో అసలు విలువ గొంతుల్లోనే ఉంది గనక ఈ ఒక్కటీ రెండుసార్లు సరిచూసుకోండి.

మొత్తం డిస్కు ఒకేసారి పెట్టేయకండి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు పట్టుకున్నట్టు, ముందు రెండు నిమిషాలు మార్చి చూడండి. 'రేంజ్' అన్న చోట 'సెకండ్స్' ఎంచుకుని 600 నుంచి 720 అని కొడితే పదో నిమిషం నుంచి పన్నెండో నిమిషం వరకు మారుస్తుంది. దాన్ని ట్యాబ్‌లో వేసి చూసుకోండి. మనుషులు కదులుతూ, మాట వినిపించే చోటు ఎంచుకుంటే బొమ్మా, గొంతూ రెండూ తేలిపోతాయి. బాగుంటే మొత్తం పెట్టి, పప్పు నానబోసుకుని మీ పని మీరు చూసుకోండి. మా పాత ల్యాప్‌టాపు గంట వీడియోకి అరగంట పైనే తీసుకుంది. రాత్రి పడుకునే ముందు డిస్కులన్నీ వరుసలో పెట్టి వదిలేయవచ్చు, దానికి 'క్యూ' అనే సదుపాయం ఉంది.

ఇక సినిమా డిస్కులు. కంపెనీవాళ్ళు అమ్మిన సినిమా డిస్కుల్లో చాలావాటికి తాళం ఉంటుంది. కాపీ చేస్తే రాదు, వచ్చినా బొమ్మంతా రంగు రంగు ముక్కలుగా కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ఆ తాళాలు తీయదు. తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే శిక్ష అని మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఎ సెక్షను చేర్చారు. మన ఇంట్లో మనం చూసుకోవడానికి అని వాదించవచ్చేమో, నేనైతే ఆ గొడవలోకి దిగను. పాత సినిమాలు ఎన్నో హక్కుదారులే యూట్యూబులో పెట్టారు, అక్కడ చూసుకోవచ్చు. మీ అక్క సీమంతం యూట్యూబులో దొరకదు. ఓపిక దాని మీద పెట్టండి. పెళ్ళి డిస్కులకి మామూలుగా తాళం ఉండదు.

డిస్కు ఆగి ఆగి ఆడుతుంటే ముందు తుడవండి. మెత్తటి నూలు గుడ్డతో, మధ్య రంధ్రం దగ్గర నుంచి అంచు వైపుకి తిన్నగా. గాజు పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పి తుడవకూడదు, గీత పడితే వరుసంతా పోతుంది. అయినా చదవకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒకటి చదవనిది ఇంకొకటి చదువుతుంది, మా అమ్మ డిస్కు అలాగే దక్కింది. మొత్తం రాకపోతే వీఓబీ ఫైళ్ళని ఒక్కోటిగా కాపీ చేయండి, పాడైన ముక్క ఒక్కటి పోయినా మిగతావి చేతికొస్తాయి. 'వీడియో టీఎస్' ఫోల్డరు బదులు 'ఎంపెగ్‌ఏవీ' అని కనబడితే అది డీవీడీ కాదు, అంతకు ముందు వచ్చిన వీసీడీ. అందులో డాట్ అనే ఫైలుని కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడుతుంది.

ట్యాబ్‌లోకి ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఆండ్రాయిడ్ అయితే ఛార్జింగు తీగతో కంప్యూటరుకి కలిపి, ట్యాబ్ మీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కి, 'మూవీస్' ఫోల్డర్లో వేయండి. ఐప్యాడ్ అయితే వీఎల్‌సీ యాప్‌లో వైఫై షేరింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని కంప్యూటరు బ్రౌజర్లో కొట్టి ఫైలు అందులోకి లాగితే చాలు. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. పాత పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు కొన్ని 4 జీబీ దాటిన ఫైలుని ఒప్పుకోవు. ఖాళీ ఉన్నా ఎక్కడం లేదంటే కారణం ఫ్యాట్32 అనే పాత పద్ధతి. మనం మార్చిన ఫైళ్ళు అంత పెద్దవి ఉండవు గనక ఇబ్బంది రాదు.

ఫైలుకి పేరు పెట్టేటప్పుడు 'న్యూ వీడియో 3' అని వదిలేయకండి. 'తమ్ముడి పెళ్ళి 2008, రెండో డిస్కు' అని రాయండి. అత్తయ్యగారు చూస్తుంటే పక్కన కాగితం, కలం పెట్టుకుని కూర్చోండి. ఆ పచ్చ చీర ఆవిడ ఎవరు, పంచె కట్టుకుని మూలన కూర్చున్న పెద్దాయన ఎవరి తాలూకు అని అడుగుతూ నిమిషంతో సహా రాసుకోండి. మా ఇంట్లో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియని మొహాలు ఇరవై ఏడు లెక్క తేలాయి.

అంతా అయ్యాక ఒక కాపీ మీ హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ పెన్‌డ్రైవులో వేసి వేరే ఇంట్లో, చెల్లెలి దగ్గరో అన్నయ్య దగ్గరో ఉంచండి. అసలు డిస్కులు పారేయకుండా డబ్బాల్లో నిలువుగా నిలబెట్టి, ఎండ తగలని అరలో పెట్టండి. వాటి మీద స్టిక్కర్లు అంటించొద్దు, బాల్‌పెన్నుతో నొక్కి రాయొద్దు. పేరు డబ్బా మీద రాసుకుంటే చాలు.